బొటనవేలు లేనివాడు ఫోన్‌లో ఆడకూడదా?

నెల్లూరు గాంధీబొమ్మ సెంటరుకి కాస్త ఎడంగా ఉన్న ఒక సెల్ షాపులో పదకొండేళ్ళుగా రిపేర్లు చేస్తున్నాను. ఫోను చేతికి రాగానే లైటు కింద ఏటవాలుగా పట్టుకుని అద్దం చూడటం నాకు అలవాటు. ఆటలాడేవాళ్ళ ఫోనయితే ఆ ఒక్క చూపులోనే తెలిసిపోతుంది. అడ్డంగా తిప్పి పట్టుకుంటే ఎడమవైపు కింద మూలన రూపాయి బిళ్ళంత మేర నునుపు పోయి మసకగా ఉంటుంది. కుడివైపు అలాంటివే రెండు మూడు చిన్న మచ్చలు. కొత్త ఫోను అద్దం మీద వేలిజిడ్డు అంటకుండా పలుచటి పూత ఒకటి ఉంటుంది. రోజుకి నాలుగైదు గంటలు బొటనవేలు ఒకేచోట గుండ్రంగా రుద్దుతుంటే ఆ పూత అక్కడ మాత్రమే అరిగిపోతుంది. గుడ్డతో ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు.

ఆ మచ్చ చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. ఇన్ని గంటలు, ఇన్ని నెలలు ఆడే ఆటకి ఈ అద్దం ఒక్కటే దారి అని ఎవరు తేల్చారు? ఫోన్‌లో ఆడే ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములకి (ఆర్పీజీలు అంటారు) కంట్రోలర్, అంటే రెండు చేతుల్లో పట్టుకుని బటన్లు నొక్కి ఆడే పనిముట్టు, పెట్టుకునే వీలు ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఉంటే బాగుండును అనడం లేదు, ఉండి తీరాలి అంటున్నాను. కంట్రోలర్ అంటే కొందరు డబ్బున్నవాళ్ళ సరదా అంటారు. కొందరు చీటింగ్ అంటారు. ఆటలు తయారుచేసే కంపెనీలు కొన్ని అసలు ఆ మాటే ఎత్తవు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది. ఆ పేచీ షాపులో మొదలుకాలేదు, మా పిన్నమ్మ ఇంట్లో మొదలైంది.

మా పిన్నమ్మ వాళ్ళది ప్రకాశం జిల్లా చీమకుర్తి. ఒంగోలు నుంచి బస్సెక్కి పోతుంటే ఊరు ఇంకా రాకముందే రోడ్డుకి రెండు పక్కలా గ్రానైట్ దిమ్మెలు కనిపిస్తాయి. నల్లటి రాయిలో బంగారు రజను చల్లినట్టు మెరుపులుండే బ్లాక్ గెలాక్సీ రాయి దొరికేది అక్కడే. పిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు, ఇంటర్ అయ్యాక ఆ రాళ్ళు కోసి పాలిష్ పట్టే ఒక యూనిట్లో పనికి చేరాడు. పగలు పని, రాత్రి ఫోను. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీ మొబైల్‌ని నిషేధించినప్పుడు వాడూ వాడి స్నేహితులూ వారం రోజులు దిక్కుతోచనట్టు తిరిగి, చివరికి అందరూ కలిసి ఒక ఆన్‌లైన్ ఆర్పీజీలోకి వెళ్ళారు. ఆ ఆట పేరు ఇక్కడ రాయను.

తుపాకుల ఆట అరగంటలో అయిపోతుంది. చచ్చిపోయినా ఇంకో మ్యాచ్ ఉంటుంది. ఆర్పీజీ అలా ఉండదు. ఒక పాత్రను ఎంచుకుంటాం, పేరు పెట్టుకుంటాం, దాన్ని ఒక్కో లెవెలూ పెంచుకుంటూ పోతాం. గిల్డ్ అని ఒక గుంపు ఉంటుంది. గుంపులో ఎవరి పని వాళ్ళది. ఒకడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, నలుగురైదుగురు కొడతారు, ఒకడు అందరి ప్రాణాలూ కనిపెట్టుకుని మందు వేస్తుంటాడు. ఆ మందు వేసేవాణ్ణి హీలర్ అంటారు. మా తమ్ముడు హీలర్. వాడి గిల్డ్‌లో హైదరాబాదులో క్యాబ్ నడిపే కనిగిరి కుర్రాడొకడు, బెంగళూరు హాస్టల్లో ఉండే కావలి అమ్మాయి ఒకామె, కొత్తపట్నం దగ్గర రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా ఉండే అతనొకడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. రాత్రి పదింటికి అందరూ వస్తారు. బాసు, అంటే గుంపంతా కలిసి కొట్టాల్సిన పెద్ద రాక్షసుడు, కొట్టిన దెబ్బకి ఎవరి రక్తం గీత (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత) పడిపోయినా చాట్‌లో ‘అన్నా హీల్ అన్నా హీల్’ అని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళు. పనిలో వీణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఇక్కడ పదిమంది పిలుస్తారు. వాడికి అది ఎంత ముఖ్యమో నాకు అప్పుడు తెలియలేదు.

2023లో కటింగ్ మిషన్ దగ్గర కుడిచేతి బొటనవేలు పై కణుపు దాకా పోయింది. ఒంగోలు ఆస్పత్రిలో కుట్లేసి మిగిలినది కాపాడారు. రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. నేను పినాకినిలో ఒంగోలు దాకా వెళ్ళి, అక్కడినుంచి బస్సులో పోయి చూసొచ్చాను. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఫోను బోర్లా పెట్టి ఉంది. ‘ఆడటం లేదారా?’ అన్నాను. ‘టచ్ తీసుకోవడం లేదన్నా’ అన్నాడు.

వేలు పొట్టిదయింది కాబట్టి అందడం లేదేమో అనుకున్నాను. ఫోను తీసుకుని వాడి చేతే ఆడించి చూశాను. అందుతోంది. కుట్లు పడ్డ చోట కొత్త చర్మం అద్దానికి తగులుతోంది. అయినా నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పడుతోంది. పని తెలిసినవాణ్ణి కాబట్టి కారణం నాకు వెంటనే అర్థమైంది. టచ్ అద్దం వెనక కంటికి కనపడని సన్నటి గీతలు గళ్ళు గళ్ళుగా ఉంటాయి. వాటిలో కొద్దిపాటి విద్యుత్తు ఉంటుంది. మన వేలు దగ్గరికి రాగానే, ఒంట్లో తడి, ఉప్పు ఉన్నాయి గనక, ఆ విద్యుత్తు కాస్త మారుతుంది. ఎక్కడ మారిందో చూసి ఇక్కడ నొక్కాడు అని ఫోను లెక్క కడుతుంది. దానికి బరువుతో పనిలేదు, ఎంత గట్టిగా అదిమినా లాభం లేదు. చర్మం దళసరిగా, ఎండిపోయి ఉంటే ఆ మార్పు చాలదు. కాయలు కాసిన వేళ్ళవాళ్ళకి, రాతిపని, సిమెంటు పని చేసేవాళ్ళకి అసలే ఈ ఇబ్బంది ఉంటుంది. మా షాపుకి వచ్చే తాపీమేస్త్రీలు ‘బాబూ, ఈ ఫోను నా మాట వినదు, మా పిల్లోడి మాట వింటది’ అంటుంటారు. వాళ్ళ ఫోనులో దోషం ఉండదు. పని చేసిన చేతిని అద్దం గుర్తుపట్టదు, అంతే.

ఇంకో పక్క చెమట. రోహిణి కార్తెలో నెల్లూరు ఎలా ఉంటుందో ఇక్కడ బతికినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్యాను కింద కూర్చున్నా అరచేతులు జారుతుంటాయి. చెమట బొట్టు అద్దం మీద పడితే, అదీ ఉప్పునీరే కదా, ఫోను దాన్నీ వేలనుకుంటుంది. నువ్వు కుడికి పొమ్మంటే పాత్ర ఎడమకి పోతుంది. మే నెలలో వేళ్ళకి తొడుక్కునే స్లీవులు మా షాపులో మిగతా ఏడాదంతా అమ్మినన్ని అమ్ముడుపోతాయి. పిల్లలు టాల్కం పౌడరు పూసుకుని ఆడటం కూడా చూశాను. ఆ పౌడరు స్పీకరు జాలీలో ఇరుక్కుని నా దగ్గరికే వస్తుంది.

సరే, వేళ్ళు బాగున్నవాళ్ళ సంగతే చూద్దాం. ఆర్పీజీలో ఒకసారి ఎన్ని పనులుంటాయో లెక్కపెట్టండి. నడవాలి. చుట్టూ చూడటానికి కెమెరా తిప్పాలి. మామూలు దెబ్బ కొట్టాలి. నాలుగు నుంచి ఆరు స్కిల్స్ (పాత్రకున్న ప్రత్యేక విద్యలు), తప్పుకోవడం, దూకడం, మందు తాగడం, ఒక శత్రువు మీంచి ఇంకో శత్రువు మీదకి గురి మార్చడం, గుర్రం ఎక్కడం. ఇదంతా చెయ్యాల్సింది రెండు బొటనవేళ్ళు. ఎడమ వేలు నడకకే సరిపోతుంది. మిగిలినదంతా కుడివేలి మీదే పడుతుంది. కెమెరా తిప్పేటప్పుడు కొట్టలేదు, కొట్టేటప్పుడు కెమెరా తిప్పలేదు. పైగా ఆరున్నర అంగుళాల స్క్రీన్‌లో ఆ రెండు వేళ్ళే మూడోవంతు ఆటని కప్పేస్తాయి. బాసు కాలి కింద నేల ఎర్రబడిందా లేదా అన్నది కనపడక ఎన్ని పాత్రలు చచ్చిపోయాయో.

కంట్రోలర్ పట్టుకుంటే ఆ పనులు ఆరు వేళ్ళూ పంచుకుంటాయి. బొటనవేళ్ళతో తిప్పే రెండు స్టిక్కులు, ముందు నాలుగు బటన్లు, పైన చూపుడువేళ్ళకి నాలుగు (వాటిలో రెంటిని ట్రిగ్గర్లు అంటారు), కొన్నింటికి వెనకవైపు ఉంగరపువేళ్ళకి ఇంకో రెండు. ఆన్‌లైన్ ఆర్పీజీకి కీబోర్డే కావాలి, ఇన్ని స్కిల్స్ కంట్రోలర్‌లో పట్టవు అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది పాతికేళ్ళ కిందటే తేలిపోయిన విషయం. టీవీకి తగిలించి ఆడే సెగా డ్రీమ్‌కాస్ట్ యంత్రం మీద ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ అనే ఆర్పీజీ జపాన్‌లో 2000 డిసెంబరులోనే వచ్చింది. 2002లో ఫైనల్ ఫ్యాంటసీ 11 ప్లేస్టేషన్ 2 మీదకి వచ్చింది. 2013లో మళ్ళీ కట్టి విడుదల చేసిన ఫైనల్ ఫ్యాంటసీ 14లో అయితే ఒక చక్కటి ఏర్పాటు ఉంది. ఎడమ ట్రిగ్గరు నొక్కిపట్టుకుంటే ఎనిమిది బటన్లకి ఎనిమిది స్కిల్స్, కుడి ట్రిగ్గరు నొక్కిపట్టుకుంటే ఇంకో ఎనిమిది. ట్రిగ్గరు మీంచి వేలు తీయకుండా పదహారు పనులు. కీబోర్డు వాళ్ళూ కంట్రోలర్ వాళ్ళూ ఒకే గుంపులో కలిసి ఆడారు, ఎవరి చేతిలో ఏముందో పక్కవాడికి తెలియను కూడా తెలియదు. కీబోర్డు మీద నడిచిన ఆటలకే దారి దొరికింది. ఏడెనిమిది బటన్లున్న ఫోను ఆటకి దొరకదా?

ఆ రోజు చీమకుర్తి నుంచి తిరిగొస్తూ బస్సులో ఇదే ఆలోచించుకున్నాను. తర్వాతి వారం మా షాపులో కస్టమర్ వదిలేసి పోయిన పాత డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్‌ని శుభ్రం చేసి, బ్యాటరీ మార్చి పట్టుకెళ్ళాను. షేర్ బటను, నడిమధ్య పీఎస్ బటను కలిపి నొక్కిపట్టుకుంటే లైటు గబగబా కొట్టుకుంటుంది, అప్పుడు ఫోను బ్లూటూత్‌లో దొరుకుతుంది. దొరికింది, కలిసింది. హోమ్ స్క్రీన్ మీద బటన్లు కదులుతున్నాయి. వాడి ముఖంలో వెలుగొచ్చింది. ఆట తెరిచాం. ఏ బటన్ నొక్కినా చలనం లేదు. సెట్టింగ్స్ అన్నీ వెతికాం. కంట్రోలర్ అన్న మాటే ఎక్కడా లేదు.

ఇక్కడే నా కోపమంతా. ఫోనులో లోపం ఉందా అంటే లేదు. ఆండ్రాయిడ్ 2011లో వచ్చిన 3.1 నుంచే గేమ్‌ప్యాడ్‌ని, అంటే కంట్రోలర్‌ని, గుర్తుపడుతుంది. యాపిల్ 2013లో ఐఓఎస్ 7తో కంట్రోలర్లకి దారి తెరిచింది, 2019లో ఐఓఎస్ 13తో మామూలు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లని కూడా తీసుకుంది. ఆ మరుసటి ఏడాది ఐఓఎస్ 14లో ఏ బటన్ పని ఏ బటన్‌కి మార్చుకోవాలో ఫోను సెట్టింగ్స్‌లోనే పెట్టింది. మిగిలింది ఆట రాసేవాళ్ళు ఆ దారిని వాడుకోవడమే. డయాబ్లో ఇమ్మోర్టల్ వాళ్ళు 2022 జూన్‌లో విడుదల చేసిన రోజునుంచే కంట్రోలర్‌తో ఆడనిచ్చారు. గెన్షిన్ ఇంపాక్ట్ చూడండి. 2020 సెప్టెంబరులో ఆట వచ్చిన రోజే ప్లేస్టేషన్ 4 మీద కంట్రోలర్‌తో నడిచింది. అంటే ఏ బటన్‌కి ఏ పని అన్న ఆలోచనంతా అప్పటికే అయిపోయింది. ఐఫోన్ వాళ్ళకి 2021లో ఇచ్చారు. ఆండ్రాయిడ్ వాళ్ళకి 2025లో గానీ రాలేదు. నాలుగేళ్ళు. మా జిల్లాల్లో ఎవరి చేతిలో చూసినా ఉండేది ఆండ్రాయిడే.

పనిలో కష్టం ఉందని నాకు తెలుసు. ఆండ్రాయిడ్ కంట్రోలర్లు వంద రకాలు. ఒక్కోటి తన బటన్లకి ఒక్కో నంబరు పంపుతుంది. కొన్నింటి వెనక ఎక్స్ అనో, డీ అనో, ఆండ్రాయిడ్ అనో మోడ్ మార్చే ఏర్పాటు ఉంటుంది, తప్పు మోడ్‌లో పెడితే ‘ఏ’ బటన్ నొక్కితే ‘బీ’ పడుతుంది. షాపులో కంట్రోలర్ పాడైందని తెచ్చేవాటిలో సగం ఇలాంటివే, మోడ్ మార్చి తిరిగిచ్చేస్తాను, డబ్బు తీసుకోను. దీనికి జవాబు ఉంది. ఏ బటన్‌కి ఏ పనో ఆడేవాణ్ణే పెట్టుకోనివ్వండి. ఒక్క స్క్రీన్ చాలు. ‘కొట్టడానికి ఏ బటన్?’ అని అడిగితే వాడికి వీలైనది నొక్కుతాడు. వంద కంట్రోలర్ల సమస్య అక్కడే తీరిపోతుంది. తొమ్మిది వేళ్ళవాడి సమస్య కూడా అక్కడే తీరుతుంది.

తమ్ముడి ఆటలో అది లేదు కాబట్టి మేము అడ్డదారి పట్టాం. కీ మ్యాపర్ అని యాప్‌లు ఉంటాయి. కంట్రోలర్ బటన్ నొక్కితే ఆ యాప్, స్క్రీన్ మీద ఫలానా చోట వేలు పెట్టినట్టు ఫోనుని నమ్మిస్తుంది. దానికోసం డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఎప్పుడు ఫోను ఆపి వేసినా మళ్ళీ అదంతా చెయ్యాలి. నేనే చేసిచ్చాను. నా చేత్తోనే చేసిచ్చాను అని ఎందుకు అంటున్నానో చెబుతాను. పదిహేను రోజులు బ్రహ్మాండంగా ఆడాడు. గిల్డ్‌లోకి మళ్ళీ వచ్చాడు. పదహారో రోజు రాత్రి ఫోన్ చేసి ‘అన్నా, ఐడీ పోయింది’ అన్నాడు. బయటి సాఫ్ట్‌వేర్ వాడినందుకు ఖాతా ఆపేశామని మెసేజ్ వచ్చిందట. మూడేళ్ళ పాత్ర. ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులో ఉత్తరం రాశాం. వేలు ఫోటో కూడా పెట్టాం. రెండు రోజుల తర్వాత అదే వాక్యం మళ్ళీ వచ్చింది. ఇంకోసారి రాస్తే ఆ జవాబు కూడా రాలేదు. మూడేళ్ళు పెంచిన దాన్ని తీసేసేముందు మనిషి అనేవాడు ఒకడు ఆ ఉత్తరం చదివి ఉండాల్సింది.

మ్యాపర్‌ని ఎందుకు ఆపుతారో నాకు తెలుసు. అదే దారిలో బాట్‌లు, అంటే మనిషి లేకుండా ఆడే ప్రోగ్రాములు, నడుపుతారు, బటన్ ఒకసారి నొక్కితే ఇరవైసార్లు నొక్కినట్టు చేస్తారు. ఆపాల్సిందే. అందులోనూ మ్యాపర్ యాప్‌లలో కొన్ని స్క్రీన్ మీద ఉన్నదంతా చూసే అనుమతి అడుగుతాయి. అదే ఫోన్‌లో మన ఫోన్‌పే, బ్యాంకు యాప్ ఉంటాయి. ఎవరైనా పెట్టమని అడిగితే ఇప్పుడు నేను పెట్టివ్వడం లేదు. అందుకే అంటున్నాను, తిన్నని దారి మూసేసిన ఆటే మనిషిని ఈ సందులోకి తోస్తుంది. ఆటలోనే కంట్రోలర్ ఉంటే మ్యాపర్‌తో ఎవరికీ పని పడదు. అప్పుడు మ్యాపర్ వాడేవాడు మోసం కోసమే వాడుతున్నాడని కంపెనీ నిశ్చింతగా తేల్చుకోవచ్చు.

ఇక చీటింగ్ మాట. షాపులో కుర్రాళ్ళతో నాకు తరచుగా వాదన అయ్యేది దీనిమీదే. తుపాకుల ఆటల్లో ఆ మాటకి బలం ఉందని ఒప్పుకుంటాను. అక్కడ ఎదుటివాడూ మనిషే, అరసెకను ముందు గురిపెట్టినవాడు బతుకుతాడు. పబ్జీ మొబైల్‌లో కంప్యూటర్ మీద ఎమ్యులేటర్ (ఫోను ఆటని కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఆడేవాళ్ళని విడిగా వాళ్ళలో వాళ్ళకే మ్యాచ్ పెట్టారు. మంచి పద్ధతే. ఆర్పీజీలో ఎక్కువ భాగం మనం కొట్టేది ఆట సృష్టించిన రాక్షసుణ్ణి. నా పక్కవాడు కంట్రోలర్‌తో బాగా కొడితే నాకే లాభం, బాసు తొందరగా పడుతుంది. మనిషికీ మనిషికీ పోటీ ఉన్న చోట టచ్ వాళ్ళని, కంట్రోలర్ వాళ్ళని వేరువేరుగా కూర్చోబెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

అయినా న్యాయం గురించి మాట్లాడాలంటే మొత్తం మాట్లాడదాం. ఈ ఆటల్లో చాలావాటిలో డబ్బు కడితే మంచి కత్తి వస్తుంది, మంచి పాత్ర వస్తుంది. ఒకడు నెలకి పదివేలు పోసి ముందుకు వెళ్ళడం ఆటలో భాగమని ఒప్పుకున్నారు. రాయి కోసి వేలు పోగొట్టుకున్నవాడు ప్లాస్టిక్ బటన్ నొక్కడం మాత్రం అన్యాయం ఎలా అవుతుంది? ఈ ప్రశ్నకి ఇంతవరకూ నాకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఇందాక వదిలేసిన సంగతి ఒకటుంది, ఆటో. చాలా మొబైల్ ఆర్పీజీల్లో ఒక బటన్ నొక్కితే పాత్ర దానంతటదే నడుస్తుంది, కొడుతుంది, పని ముగించుకుని వస్తుంది. కొరియా నుంచి వచ్చిన లినేజ్ 2 రెవల్యూషన్ లాంటి వాటిలో అదే పెద్ద సదుపాయం. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు గానీ, అద్దం మీద రెండు వేళ్ళతో గంటలకొద్దీ ఆడటం కష్టమన్నది అందులో పెద్ద కారణమని నా అనుమానం. చేతికి మంచి పనిముట్టు ఇవ్వడానికి బదులు చేతికి పనే లేకుండా చేశారు. ఫలితం నా టేబుల్ మీదకి వస్తుంది. రాత్రంతా చార్జింగ్ పెట్టి, దిండు పక్కన ఆటో ఆన్‌లో వదిలేసిన ఫోన్లు. వెనక మూత పైకి లేచి ఉంటుంది. లోపల బ్యాటరీ ఊదిన పూరీలా ఉంటుంది. అలాంటిది కనిపిస్తే దయచేసి చార్జింగ్ పెట్టకండి, వెంటనే షాపుకి తీసుకురండి, మీరు మాత్రం విప్పొద్దు. ఒక అబ్బాయిని ‘అసలు నువ్వెప్పుడు ఆడతావు?’ అని అడిగితే ‘పొద్దున లేచి ఎంత వచ్చిందో చూసుకుంటానన్నా’ అన్నాడు. వాడికి పద్దెనిమిదేళ్ళు. ఆడుకునే వయసులో లెక్క చూసుకుంటున్నాడు.

కంట్రోలర్ డబ్బున్నవాళ్ళ సరదా అనే మాటకి కూడా జవాబు చెప్పాలి. మంచి కంపెనీ కంట్రోలర్ ఐదారు వేలు పెట్టాలి, నిజమే. తక్కువలో వెయ్యీ, రెండు వేలల్లో కూడా పనికొచ్చేవి ఉన్నాయి. ఆ డబ్బుకి వచ్చేదేమిటో చూడాలి. కంట్రోలర్ పెట్టుకున్నవాడు బాగా ఆడటానికని ముప్పై వేల ఫోను మార్చక్కర్లేదు. టచ్ అద్దం మార్పించుకునే ఖర్చు ఒక్కసారి తప్పినా కంట్రోలర్ డబ్బు వచ్చేసినట్టే. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుకోవచ్చు. కొనేముందు మీ ఆట కంట్రోలర్‌ని తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి, తీసుకోకపోతే కొనవద్దు. నేను షాపులో ఉండి కూడా ఇదే చెబుతాను.

అన్ని ఆటలకీ కంట్రోలర్ నప్పదు, అదీ ఒప్పుకుంటాను. 2018లో ఫోన్లకి వచ్చిన ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ఎక్కడ కావాలో అక్కడ వేలుపెట్టి నొక్కడమే ఆట, దానికి అద్దమే హాయి. చాట్ కొట్టాలన్నా అద్దమే మేలు, స్టిక్‌తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ ‘బాగున్నావా’ అని అడిగేలోపు అవతలివాడు నిద్రపోతాడు. ఫోను గొప్పతనం ఇక్కడే ఉంది. టీవీ ముందు కంట్రోలర్ ఒక్కటే ఉంటుంది. ఫోన్‌లో కొట్లాటకి కంట్రోలర్, మాటలకి అద్దం రెండూ కలిసి ఉండొచ్చు. అలా కలిపి ఇవ్వకుండా, కంట్రోలర్ పెడితే టచ్ పోతుంది, మళ్ళీ టచ్ కావాలంటే సెట్టింగ్స్‌లోకి పోవాలి అనే ఆటలు ఉన్నాయి. అది సగం సాయమే.

తమ్ముడు ఐడీ పోయాక నాలుగైదు నెలలు ఏ ఆటా ముట్టుకోలేదు. గిల్డ్ వాళ్ళకి కారణం చెప్పలేదు. వేలు సంగతి వాళ్ళెవరికీ తెలియదు. కావలి అమ్మాయే వాట్సాప్‌లో పదేపదే అడిగి అడిగి చెప్పించుకుందట. ఆమె గిల్డ్‌లో అందరికీ చెప్పింది. ఎవరూ జాలి మాటలు మాట్లాడలేదు. కంట్రోలర్ తీసుకునే ఆర్పీజీ ఏదుందో వెతికి, పదకొండు మందీ ఉన్న ఆట వదిలేసి అందులో మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టారు. మూడేళ్ళ సంపాదన వాళ్ళూ వదులుకున్నారు. ఈ సంగతి వాడు నాకు చెప్పేటప్పుడు గొంతు నిలవలేదు. నాకూ అంతే అయింది.

ఇప్పుడు ఎలా ఆడతాడో దగ్గర కూర్చుని చూశాను. ఫోను చేతిలో ఉండదు. కంట్రోలర్‌కి క్లిప్ పెట్టి ఫోను తగిలిస్తే బరువంతా మణికట్టు మీద పడుతుందని తీసేశాడు. పనికి తీసుకెళ్ళే స్టీలు క్యారియర్‌ని మంచం పక్క స్టూలు మీద పెట్టి దానికి ఫోను ఆనిస్తాడు. ఒళ్ళో దిండు, దిండు మీద కంట్రోలర్. ఎడమచెయ్యి అందరిలాగే పట్టుకుంటుంది. కుడిచెయ్యి వేరేలా ఉంటుంది. చూపుడువేలు పైన ట్రిగ్గరు మీద ఉండాల్సింది, కిందికి దింపి కుడి స్టిక్‌ని దాని పక్కతో తోస్తాడు. కొట్టడం, హీల్ వెయ్యడం వెనక బటన్లకి మార్చుకున్నాడు, ఉంగరపువేలితో నొక్కుతాడు. ట్రిగ్గరు నడిమివేలికి వెళ్ళింది. పోయిన వేలు మొదలు కంట్రోలర్ అంచుని ఆపి పట్టుకుంటుంది, అంతకుమించి దానికి పని లేదు. మొదటి నెల తప్పుగా నొక్కి తిట్లు తిన్నాడు. ఇప్పుడు బాసు చెయ్యెత్తకముందే వీడి ఉంగరపువేలు కదులుతుంది.

చేతులు పూర్తిగా సహకరించనివాళ్ళ కోసం మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. వెనక పందొమ్మిది చిన్న రంధ్రాలుంటాయి. కాలితో నొక్కే స్విచ్చి, మోచేతితో నొక్కే స్విచ్చి, ఏది వీలైతే అది గుచ్చుకోవచ్చు. సోనీ 2023 చివర్లో యాక్సెస్ అని ఇంకోటి తెచ్చింది. వాటిని తయారుచేసినవాళ్ళకి నమస్కారం. అయితే మా తమ్ముడిలాంటి వాళ్ళు ఆ లెక్కలోకి రారు. మన దగ్గర సర్టిఫికెట్‌తో వచ్చే ముఖ్యమైన సదుపాయాలకి నలభై శాతం వైకల్యం ఉండాలి, వాడికి అంత రాయలేదు. వాడు ఏ జాబితాలోనూ లేడు. చీమకుర్తిలో వాడిలాంటి చేతులు నేనే నాలుగైదు చూశాను. వీళ్ళకి ప్రత్యేకమైన యంత్రం అక్కర్లేదు. వెనక రెండు బటన్లున్న మామూలు కంట్రోలర్, దాన్ని ఒప్పుకునే ఆట ఉంటే చాలు.

పోయిన వారం వాడి కంట్రోలర్ కొరియర్‌లో నా షాపుకి వచ్చింది. ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా పాత్ర మెల్లగా ఎడమకి జరిగిపోతోందట. డ్రిఫ్ట్ అంటాం. స్క్రూలు విప్పి చూస్తే స్టిక్ కింద సెన్సర్ మీద బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. వేలితో తీసి లైటు కింద చూశాను. రాతిపొడి. వాడిప్పుడు మిషన్ దగ్గర లేడు, యార్డులో స్లాబులు లెక్క రాస్తాడు, అయినా ఆ పొడి బట్టల్లో, చేతుల్లో ఇంటికి వస్తుంది. ఆ పాత రకం స్టిక్‌లో కార్బన్ పట్టీ మీద చిన్న రేకు రాసుకుంటూ తిరుగుతుంది, మధ్యలో పొడి చేరితే పట్టీ అరుగుతుంది. శుభ్రం చేస్తే నెల పనిచేస్తుంది, మళ్ళీ అదే కథ. అందుకని అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ తెప్పించి వేస్తున్నాను. దానిలో సెన్సర్‌కీ స్టిక్‌కీ రాపిడి ఉండదు. అది రేపు వస్తుంది. ఇది రాస్తుండగానే వాడి మెసేజ్ వచ్చింది, శనివారం రాత్రి రైడ్, అంటే గిల్డంతా కలిసి బాసు మీదకి వెళ్ళే పోరు, ఉందట, ‘శుక్రవారం లోపు పంపన్నా, హీలర్‌ని నేనొక్కణ్ణే’ అని.